చిన్న బోటు కుళ్లేది అతుకుల దగ్గరే

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ఇంజన్ బోట్లతో సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ మైపాడు, కొత్తపట్నం లాంటి ఊళ్ల ఇసుక మీద బోట్లు ఒడ్డెక్కి ఉంటాయి. ఒకచోట వల బాగుచేస్తుంటారు, ఇంకోచోట రెసిన్ (ఫైబరును గట్టిపరిచే జిగురు ద్రవం) డబ్బా, బ్రష్షు పెట్టుకుని బోటు అడుగుకు పట్టీ వేస్తుంటారు. వేటే బతుకైన కుటుంబాల్లో ఈ పని పిల్లలకు చూస్తూ చూస్తూనే వచ్చేస్తుంది. సరదాకు గాలం వేసేవాళ్ల సంగతి వేరు. ఆదివారం కృష్ణపట్నం వైపు ఉప్పుటేర్లలో పండుగప్ప కోసం తిరగడానికి పన్నెండు, పద్నాలుగు అడుగుల ఫైబర్ బోటు కొనుక్కున్న మనిషికి ఆ చూపు అలవడి ఉండదు. కారుకున్నట్టు వీధికో మెకానిక్కు బోటుకు దొరకడు. పని సొంతంగా నేర్చుకోక తప్పదు.

నేర్చుకునేవాళ్లు సాధారణంగా పైన కనిపించేదాంతో మొదలుపెడతారు. కొత్త రంగు, చేపలను చూపించే సోనార్ యంత్రం, ఎల్‌ఈడీ లైట్లు, కూర్చోవడానికి మెత్తటి సీటు. బోటు ఆయుష్షు వీటితో పెరగదు. ఎక్కడైతే రెండు వేర్వేరు వస్తువులు కలుస్తాయో, చెక్కకు ఫైబరు, అల్యూమినియానికి స్టీలు, వైరుకు టెర్మినలు, అక్కడ ఉప్పునీరు చేరుతుంది. ఫైబర్ ఒక్కటే అయితే దశాబ్దాలు ఉంటుంది. దానికి పెట్టిన ప్రతి రంధ్రమూ ఒక కొత్త అతుకే. సొంతంగా చేసే రిపేర్లయినా, కొత్త హంగులైనా ఈ లెక్కలోంచే చూడాలి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది అమరం, అంటే బోటు వెనక, వైపున్న గోడ, ఇంజన్ బిగించే చోటు. బయటికి ఫైబరే కనిపించినా చాలా బోట్లలో దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది, సాధారణంగా 18 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి. ఇంజన్ బోల్టుల కోసం, నీళ్లు వదిలే బిరడా కోసం ఈ గోడకే రంధ్రాలు పెడతారు. రంధ్రం అంచులో ప్లైవుడ్ పొరలు బయటపడతాయి, నీటిని దీపం వత్తిలా పీల్చుకుంటాయి. పైన రంగు మెరుస్తూ ఉండగానే లోపల చెక్క తడిసిన అట్టముక్కలా అయిపోతుంది.

దీన్ని కనిపెట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. చిన్న సుత్తి పిడితో గోడంతా వరసగా తట్టుకుంటూ పోవాలి. గట్టి చెక్క ఉన్నచోట శబ్దం ఖంగుమని తిరిగొస్తుంది, కుళ్లినచోట దబ్‌మని అక్కడే ఆగిపోతుంది. తర్వాత ఇంజన్ కాలును, అంటే నీళ్లలోకి దిగే భాగాన్ని, కింద పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాలి. గోడ పై అంచు దాంతోపాటు కదిలితే లోపల బలం పోయినట్టే. ఒక బోల్టు ఊడదీస్తే రంధ్రంలోంచి టీ డికాషన్ రంగు నీళ్లు కారాయంటే ఇక అనుమానం అక్కర్లేదు. అలాంటి బోటుకు అంతకంటే పెద్ద ఇంజన్ బిగించడం మనుషుల ప్రాణాలతో చెలగాటం. అలల్లో గోడ విరిగితే ఇంజన్ ఒక్కటే పోదు, ఆ గండిలోంచి సముద్రం లోపలికొస్తుంది.

కుళ్లు బోల్టు చుట్టూ రెండు మూడు అంగుళాలకే పరిమితమైతే ఆ మేరకు తవ్వి, ఆరబెట్టి, ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురుతో) నింపొచ్చు. అంతకుమించి పాకితే లోపలి ఫైబర్ పొర కోసి, పాత చెక్కంతా తీసి, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ పెట్టాలి. వంటింటి అరలకు వాడే ఐఎస్ 303 ప్లైవుడ్ చూడ్డానికి అలాగే ఉంటుంది, ధర తక్కువ. నిత్యం నీళ్ల పక్కన ఉండే పనికి అది చేసింది కాదు. కొత్త పలక అంచులకు లోపల పెట్టకముందే మూడు పూతలు ఎపాక్సీ పట్టించాలి. నీరు ముందు తాగేది అంచులే.

కొత్త రంధ్రం పెట్టాల్సి వచ్చినప్పుడు ఒక పద్ధతి ఉంది, కాస్త ఓపిక కావాలి అంతే. బోల్టు 10 మిల్లీమీటర్లది అనుకుందాం. రంధ్రం 16 మిల్లీమీటర్లు వేయాలి. ఒకవైపు టేపు అంటించి, రెండోవైపు నుంచి చిక్కగా కలిపిన ఎపాక్సీతో పూర్తిగా నింపాలి. మర్నాడు అది రాయిలా గట్టిపడ్డాక దాని నడిమధ్యలో 10 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది చెక్క కాదు, ఎపాక్సీ. సందు మూసే సీలెంటు ఎప్పుడైనా పట్టు వదిలేసినా తడి చెక్కదాకా పోదు. పది నిమిషాల పని రెండు రోజులు పడుతుంది. అయినా బోటు మీద చేసే పనుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది ఇంకొకటి లేదు.

సీలెంటు అంటే హార్డ్‌వేర్ షాపులో మొదట చేతికిచ్చేది బాత్రూముల్లో వాడే సిలికాన్. నీటిమట్టానికి కింద అది వద్దు. ఫైబరును గట్టిగా పట్టుకోదు. పైగా ఒకసారి పూశాక ఆ చోట రంగూ రెసినూ ఏదీ సరిగా అంటదు, ఎంత గీకినా దాని జిడ్డు మిగిలే ఉంటుంది. నీళ్లలో మునిగే భాగాలకు మెరైన్ పాలీయురేథేన్ సీలెంటు వాడాలి.

ఇక ఫైబర్ పట్టీ. ఇసుక మీదకు లాగే బోటుకు అడుగు అరగడం మామూలే. అరిగి లోపలి మ్యాట్ (గాజు నార పొర) బయటపడిందంటే నీళ్లు పీల్చడం మొదలైనట్టు. చాలామంది ఆ గీతంత మేరకే ఒక ముక్క అంటించి పైన రంగేస్తారు. కొన్ని వారాలకే అది అంచు నుంచి లేస్తుంది. పట్టీ నిలవాలంటే దెబ్బ చుట్టూ వాలుగా గ్రైండ్ చేయాలి. మందానికి పన్నెండు రెట్ల వెడల్పు వాలు ఉండాలన్నది బోట్లు కట్టేవాళ్ల లెక్క. అడుగు 5 మిల్లీమీటర్ల మందం ఉంటే దెబ్బ చుట్టూ అన్నివైపులా 60 మిల్లీమీటర్లు, అంటే మూడు వేళ్ల వెడల్పు కంటే ఎక్కువే. వేలెడు చిల్లుకు పళ్లెమంత పట్టీ పడుతుంది. అది దుబారా కాదు. కొత్త ఫైబరు పాతదాన్ని పట్టుకునేది ఆ వాలు మీదే, కొత్త పాలిస్టర్ రెసిను ఎండిపోయిన పాత రెసిన్‌తో రసాయనికంగా కలిసిపోదు, గరుకు మీద అంటుకుంటుందంతే. నీళ్లలో ఉండే చోట ఎపాక్సీ వాడితే పట్టు ఇంకా బాగుంటుంది.

గ్రైండింగ్‌కు ముందే మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలించాలి, ఆరాక అసిటోన్‌తో తుడవాలి. ఉప్పు రేణువులు పట్టీ కింద చిక్కుకుంటే అవి తేమను లాక్కుంటూ ఉంటాయి, కొన్నాళ్లకు అక్కడ బొబ్బ లేస్తుంది. మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి ఉప్పూ ఇసుకా మోసుకొస్తుంది కాబట్టి తీరంలో పట్టీ పని పూర్తిచేయడానికి పొద్దుటి పూటే నయం. అదీ మంచు తడి ఆరాక.

వేళ విషయంలో ఇంకో చిక్కుంది. నిషేధకాలం సరిగ్గా రోహిణి ఎండల కాలం. పాలిస్టర్ రెసిన్‌కు గట్టిపడడానికి హార్డనర్ 1 నుంచి 2 శాతం కలుపుతారు. మే నెల ఒంగోలు ఎండలో 2 శాతం కలిపితే బ్రష్షు రెండోసారి ముంచేలోపే డబ్బాలో రెసిన్ జున్నులా అయిపోతుంది, చేతులు కాలేంత వేడెక్కుతుంది. ఒక శాతం దగ్గరే ఆగాలి. బోటు మీద టార్పాలిన్ నీడ కట్టుకుని, ఒక్కోసారి పావుకిలోకు మించకుండా కలుపుకోవాలి. లోతు డబ్బాలో కంటే వెడల్పాటి పళ్లెంలో పోసుకుంటే వేడి తొందరగా పోతుంది, పనికి కొంచెం సమయం దొరుకుతుంది. మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్ల రెసిన్ చాలు. అంతకంటే పోస్తే బలం రాదు, పెళుసుదనం వస్తుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. కొన్ని రెసిన్లకు తొందరగా గట్టిపడేందుకు కోబాల్ట్ విడిగా ఇస్తారు. కోబాల్టూ హార్డనరూ నేరుగా కలవకూడదు, పేలుతుంది. ముందు కోబాల్టును రెసిన్‌లో పూర్తిగా కలిపేసి, ఆ తర్వాతే హార్డనర్ పోయాలి. రెండిటికీ ఒకే కొలత గ్లాసు వాడకూడదు. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకోవాలి, పడితే ఆగకుండా 15 నిమిషాలు నీళ్లతో కడిగి వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రేవులో అందరూ వట్టి చేతులతో చేస్తున్నారు కదా అని ఇక్కడ ధైర్యం చేయొద్దు.

లోహాల దగ్గర కథ ఇంతకంటే చిన్నది. ఇంజన్ కాలు అల్యూమినియం, దానికి బిగించే బోల్టులు స్టీలు. ఉప్పునీళ్లలో ఈ రెండూ కలిస్తే బ్యాటరీలాగే పనిచేస్తాయి, అరిగిపోయేది అల్యూమినియం. దానికి బదులు తాను కరిగిపోవడానికే ఇంజన్ కాలుకు చిన్న లోహపు దిమ్మ బిగించి ఉంటుంది. అది సగం కరిగితే మార్చేయాలి. దాని మీద రంగు వేస్తే దాని పని ఆగిపోతుంది, కొత్తగా రంగు వేయించినవాళ్లు తరచూ చేసే తప్పు ఇదే. ఉప్పుటేర్లలోనూ సోమశిల లాంటి మంచినీటి జలాశయంలోనూ ఒకే బోటు తిప్పాలనుకుంటే, అక్కడ దిగడానికి అనుమతి తీసుకోవడం ఎలాగూ ఉంది, ఈ దిమ్మ సంగతి కూడా ఆలోచించాలి. జింకు దిమ్మ మంచినీళ్లలో తెల్లటి పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. మెగ్నీషియం మంచినీళ్లకు మంచిది, ఉప్పునీళ్లలో మాత్రం చూస్తుండగానే కరిగిపోతుంది. రెండుచోట్లా తిరిగే బోటుకు అల్యూమినియం దిమ్మ మేలు. బోల్టులు కొనేటప్పుడు 304 కాకుండా 316 రకం స్టీలు అడగాలి. అందులో ఉండే మాలిబ్డినం ఉప్పును తట్టుకుంటుంది.

ఇంజన్‌కు రోజువారీ మందు మంచినీళ్లు. వేట నుంచి రాగానే పది నిమిషాలు మంచినీళ్లతో నడిపితే లోపలి దారుల్లో ఉప్పు కట్టదు. తీరగ్రామాల్లో ఇక్కడో తిరకాసు ఉంది. చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. నాలుక మీద వేసుకుంటే ఉప్పదనం తెలిసే నీటితో కడిగినా ఒకటే, కడక్కపోయినా ఒకటే. ఊళ్లో తాగే నీటి కుళాయి నుంచి డ్రమ్ముతో తెచ్చుకుని, ఇంజన్ కాలును అందులో ముంచి నడపడమే దారి. నడుస్తున్నంతసేపూ పక్కనుంచి సన్నని ధారగా నీళ్లు పడాలి. ధార పలచబడితే నీటిపంపులోని రబ్బరు చక్రం అరిగినట్టు. పెన్న ముఖద్వారం దగ్గర ఇసుక కలిసిన నీళ్లలో తిరిగే ఇంజన్లలో అది ఇంకా తొందరగా అరుగుతుంది. ఏడాదికోసారి, ధార బాగానే పడుతున్నా సరే, ఆ చక్రం మార్చుకోవడం మంచిది. నీళ్లు లేకుండా ఇంజన్ స్టార్ట్ చేసి శబ్దం ఎలా ఉందో విందామనే ఉబలాటం అసలు పనికిరాదు. నిమిషంలోపే ఆ రబ్బరు కాలిపోతుంది.

గేరు ఆయిల్ సంగతి చూస్తే అర్థమైపోతుంది. కింది స్క్రూ కొంచెం వదులు చేస్తే నూనె తేనెలా దిగాలి. పాలు కలిపిన టీలా దిగిందంటే సీలు పోయి నీళ్లు కలుస్తున్నాయి. కొత్త నూనె కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రంలోంచి పొర్లేదాకా. ముందు పై స్క్రూ బిగించి, తర్వాతే కిందిది మూయాలి. పైనుంచి పోస్తే మధ్యలో గాలి చిక్కుకుని గేర్లకు నూనె చాలదు.

పెట్రోలు విషయంలో పాత అలవాట్లు మార్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. స్కూటరు ట్యాంకులో పెట్రోలు వారంలో అయిపోతుంది కాబట్టి తేడా తెలియదు. బోటు ట్యాంకులో రెండు నెలలు నిలవుంటే, అదీ సముద్రపు గాలిలో, నీళ్లూ ఇథనాలూ విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజన్ పీల్చేది అడుగునుంచే. నిషేధకాలం మొదలయ్యే ముందు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది కూడా వదిలేయాలి. పాత రబ్బరు పైపులు మెత్తబడ్డాయేమో వేళ్లతో నొక్కి చూడాలి. రెండు స్ట్రోకుల ఇంజన్‌కు బైకుల ఆయిల్ కలపొద్దు. నీటితో చల్లబడే ఇంజన్ల కోసం టీసీ-డబ్ల్యూ3 అని రాసిన ఆయిల్ వేరే ఉంటుంది.

కొత్త హంగుల్లో ఎక్కువ పాడయ్యేది వైరింగే. ఇంటి వైరు లోపల రాగి పచ్చిగా ఉంటుంది. ఉప్పుగాలి చివరినుంచి దూరి, పై తొడుగు కిందే రాగిని నల్లగా చేసుకుంటూ పోతుంది. బయటికి ఏమీ తెలియదు, లైటు మాత్రం ఒకరోజు వెలగదు. తగరం పూత ఉన్న వైరు వెండిలా మెరుస్తుంది, బోటుకు అదే కావాలి. అతుకుకు ఇన్సులేషన్ టేపు చుడితే అది నీళ్లను లోపలే పట్టి ఉంచుతుంది. లోపల జిగురు ఉండి వేడికి ముడుచుకునే గొట్టాలు వేయాలి. బ్యాటరీ ప్లస్ తీగ మీద, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. నీళ్లు తోడే పంపు మెయిన్ స్విచ్చి ఆపేసినా పనిచేసేలా సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలపాలి. మనిషి లేనప్పుడు బోటును కాపాడేది అదొక్కటే.

వైరు మందం దగ్గర ఇంటి లెక్కలు పనికిరావు. చప్పుడు చేయకుండా చేప దగ్గరికి చేరడానికి ముందువైపు బ్యాటరీ మోటారు బిగించాలనుకుందాం. చిన్నదే అయినా పూర్తి వేగంలో 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. వెనకున్న బ్యాటరీ నుంచి 4 మీటర్లు పోవాలి, 4 మీటర్లు రావాలి. ఇంట్లో ప్లగ్గులకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే దారిలోనే సుమారు 1.8 వోల్టులు పోతాయి. 12లో అది 15 శాతం. ఆ పోయిందంతా వైరులో వేడి అవుతుంది, పక్కనే పెట్రోలు డబ్బా ఉండొచ్చు. అదే 16 చదరపు మిల్లీమీటర్ల వైరుకు నష్టం 0.3 వోల్టులోపే. ఖరీదు చూసి వెనకాడాల్సిన చోటు కాదిది. 100 ఆంపియర్ గంటల లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి పూర్తి వేగంలో గంటన్నరలోపే మోటారు ఆపాలని ముందే తెలుసుకోవాలి. ఆ బ్యాటరీ బరువు 30 కిలోల దగ్గర. లిథియం అయితే అందులో సగం కూడా ఉండదు.

బరువు మాట వచ్చింది కాబట్టి. నిలబడి గాలం విసరడానికి బల్ల వేయడం, ఎండకు పైకప్పు కట్టడం చాలామందికి మొదట తోచే మార్పులు. రెండూ బరువును పైకి తీసుకెళ్తాయి. నాలుగడుగుల వెడల్పు బోటులో బల్ల మీద నిలబడిన మనిషి ఒక పక్కకు వంగి చేపను అందుకుంటే ఏమవుతుందో ముందు నడుముల్లోతు నీళ్లలో చూసుకోవాలి, అలల్లో కాదు. బల్ల వేయాల్సిందే అనుకుంటే పక్క అంచుకు జానెడు కిందే వేయాలి.

దానికంటే ముందు చేయాల్సిన మార్పు ఎవరికీ కనిపించనిది. బోటు నిండా నీళ్లు చేరినా మునగకుండా ఉండాలి. ఫైబర్ నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. 150 కిలోల బోటు మునిగితే ఇంకా 50 కిలోల బరువుతో కిందికి లాగుతుంది. ఇంజన్, బ్యాటరీ కలిపితే మరో 45. దాన్ని పట్టుకుని వేలాడే మనుషులను కూడా లెక్కేస్తే కనీసం 150 లీటర్ల గాలి లేదా ఫోమ్ సీట్ల కింద బిగించి ఉండాలి. లీటరుకు కిలో లేపుతుంది, లెక్క అంతే. నెల్లూరులో దీనికి వెతుక్కోనక్కర్లేదు. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లను తేల్చే గట్టి ప్లాస్టిక్ డబ్బాలు ఆక్వా సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. గట్టిగా బిగిస్తే చాలు, వదులుగా పెడితే నీళ్లు చేరగానే అవి తేలిపోతాయి, బోటు ఉండిపోతుంది. థర్మోకోల్ ముక్కలు నింపి పైన పాలిస్టర్ రెసిన్ పూయడం మాత్రం వృథా. రెసిన్‌లోని స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది, లోపల మిగిలేది బొక్కే. పెట్రోలు ఒలికినా అంతే.

సోనార్ యంత్రం సెన్సరుకు నీటిమట్టం కింద స్క్రూలు కొట్టాలి. ఒక గట్టి ప్లాస్టిక్ పలకను మొదట ఎపాక్సీతో గోడకు అంటించి, స్క్రూలన్నీ ఆ పలకకే కొడితే సెన్సరు ఎన్నిసార్లు జరిపినా బోటుకు కొత్త చిల్లు పడదు. రాత్రి వేటకు లైట్ల నియమం కూడా సులభమే. 7 మీటర్లలోపు పొడవుండి, 7 నాట్లకు (గంటకు సుమారు 13 కిలోమీటర్లు) మించని వేగంతో పోయే బోటుకు చుట్టూ కనిపించే ఒక తెల్ల లైటు సరిపోతుంది. అంతకంటే వేగంగా పోయేదానికి ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ కూడా ఉండాలి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 ఇంజన్ మూత లోపలివైపు పెయింటుతో రాసుకుంటే ఫోన్ వెతుక్కునే కంగారులో అయినా కంటికి ఆనుతుంది.

ఇంత చేసిన బోటు ఒక్క రాత్రిలో పాడయ్యే కాలం అక్టోబరు నుంచి డిసెంబరు. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఈశాన్య రుతుపవనాలే పెద్ద వానలు, తుపాన్లూ అప్పుడే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ అంతకుముందు నెల్లూరు తీరం పక్కనుంచే వెళ్లింది. ఒడ్డున వదిలేసిన బోటుకు గాలి కంటే వానే ప్రమాదం. బోటు పై వైశాల్యం 5 చదరపు మీటర్లు, ఒక రాత్రి 10 సెంటీమీటర్ల వాన అనుకుంటే లోపల చేరేది 500 లీటర్లు, అర టన్ను. కింద రెండు సరుగుడు దుంగల మీద ఆనిన చోట ఆ బరువంతా పడి అడుగు పగుళ్లిస్తుంది, ఇంజన్ గోడ మీదకు నీళ్లు నిలుస్తాయి. అందుకే సెప్టెంబరు ఆఖరుకే ఇంజన్ దించి ఇంటికి తెచ్చుకోవాలి. ముందుభాగం జానెడు ఎత్తులో పెట్టి, దుంగల మధ్య ఇసుక మూటలు సర్ది, వెనక బిరడా ఊడదీసి, అది పోకుండా ఇంజన్ తాళంచెవికి కట్టుకోవాలి.